బాయి మీద బ్యాలెట్ పెట్టె

లేబర్ కోడ్‌లు వచ్చాయి. పనిగంటల మీద, తొలగింపుల మీద వాదన జోరుగా నడుస్తోంది. కార్మికుల తరఫున ఎవరు మాట్లాడాలి, ఆ హక్కు వారికి ఎవరివ్వాలి అన్న ప్రశ్న మాత్రం ఆ హోరులో పెద్దగా వినపడటం లేదు. సింగరేణి బొగ్గు గనులు పాతికేళ్లుగా దీనికి జవాబు చెబుతున్నాయి. అది సగం జవాబే.

2023 డిసెంబరు 27, బుధవారం. కొత్తగూడెం నుంచి బెల్లంపల్లి దాకా బొగ్గు బాయిల దగ్గర పొద్దున ఏడింటికే వరసలు కట్టారు. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు టోపీ లైటు ల్యాంప్ రూములో ఇచ్చేసి, మొహాన మసితోనే వచ్చి నిలబడ్డారు. మొదటి షిఫ్టువాళ్లకు మస్టర్ పడకముందే ఓటేసి పోవాలన్న తొందర. కాస్త దూరంలో టెంట్లు, ఎర్రవి, మూడు రంగులవి, గులాబీవి జెండాలు. దారిన పోయే ప్రతివాణ్నీ "అన్నా, యాది పెట్టుకో" అంటూ చెయ్యి పట్టుకునే పాత స్నేహాలు. అసెంబ్లీ ఎన్నికలు అయ్యి నెల కూడా తిరగలేదు. అయినా కోల్‌బెల్ట్‌లో ఆ వారమంతా ఇంటింటా మాట్లాడుకున్నది ఈ ఎన్నిక గురించే.

బరిలో 13 సంఘాలు. 39 వేల పైచిలుకు ఓటర్లు. లోపల చిన్న అర, ఒక ముద్ర, ఒక పెట్టె. ఆ అరలోకి మేనేజర్ రాడు, ఎమ్మెల్యే రాడు, సంఘం నాయకుడూ రాడు. రాత్రికి రాత్రే లెక్కించారు. పదకొండు ఏరియాల్లో ఆరు ఐఎన్‌టీయూసీకి, ఐదు ఏఐటీయూసీకి దక్కాయి. మొత్తం ఓట్లలో మాత్రం ఏఐటీయూసీ దాదాపు రెండు వేలు ముందుంది. అందుకని కంపెనీ అంతటికీ యాజమాన్యంతో చర్చలు జరిపే గుర్తింపు సంఘం అదే అయింది. ఆరు ఏరియాల్లో ప్రాతినిధ్య సంఘం హోదా ఐఎన్‌టీయూసీకి వచ్చింది. పదేళ్లకు పైగా పెత్తనం చేసిన గులాబీ జెండా సంఘం, తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘం, ఒక్క ఏరియా కూడా దక్కించుకోలేకపోయింది.

ఆ రోజు అవే గనుల్లో మరికొన్ని వేలమంది కూడా పనికి వచ్చారు. ఓపెన్‌కాస్టుల్లో మట్టి తోలే డ్రైవర్లు, ఆఫీసులు ఊడ్చే ఆడవాళ్లు, గేటు కాసే గార్డులు, ఆసుపత్రిలో వార్డులు కడిగేవాళ్లు. వాళ్లు కాంట్రాక్టు కార్మికులు. వాళ్ల పేర్లు ఓటరు జాబితాలో లేవు.

ఓటు ఎందుకు పుట్టింది

తొంభైల మొదట్లో సింగరేణిలో లక్షా 16 వేలమంది పనిచేసేవారు. సంఘాలు డజన్ల కొద్దీ ఉండేవి. మంచినీళ్లు రాలేదని ఒక బాయి ఆగేది. ఓవర్‌మన్ మాట తూలాడని ఇంకో బాయి ఆగేది. ఏడాదికి వందల సమ్మెలు జరిగిన రోజులవి. ఒక సంఘం యాజమాన్యంతో ఒప్పందం చేసుకుని వస్తే, అది చెల్లదని మరునాడే ఇంకో సంఘం గేటు మూయించేది. 1992లో ఒకసారి, 1996లో మరోసారి కంపెనీ ఖాయిలా పరిశ్రమల బోర్డు గడప తొక్కింది. మూసేస్తారన్న మాట కార్టర్లలో బాహాటంగానే వినిపించింది.

ఆ కాలాన్ని తలచుకుంటూ కార్మికులకు క్రమశిక్షణ లేదని తీర్పు చెప్పేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఎవరి వెనక ఎంతమంది ఉన్నారో తేల్చే దారి లేనప్పుడు, బలం చూపించడానికి ప్రతి సంఘానికీ మిగిలింది బాయి ఆపడం ఒక్కటే. నోటీసు లేకుండా ఒక్కరోజు పని ఆపితే ఎనిమిది రోజుల జీతం కోసే వీలు అప్పటి వేతన చెల్లింపు చట్టంలో ఉండేది. ఆ కోతకు ఎదురుతిరిగి 1981లో సింగరేణి కార్మికులు 56 రోజులు సమ్మె చేశారు. ఎనిమిది రోజుల కూలి కోసం 56 రోజుల కూలి వదులుకున్న మనుషుల్ని క్రమశిక్షణ లేనివాళ్లని ఎలా అనగలం?

1998లో తొలిసారి రహస్య ఓటింగ్ పెట్టారు. గనులు కేంద్రం పరిధిలోకి వస్తాయి కాబట్టి ఎన్నిక నిర్వహించింది కేంద్ర కార్మిక శాఖ అధికారులే. తొలి గెలుపు ఏఐటీయూసీది. తర్వాత ఐఎన్‌టీయూసీ గెలిచిన రోజులున్నాయి, మళ్లీ ఏఐటీయూసీ వచ్చింది. తెలంగాణ ఉద్యమం ఊపులో 2012లో బొగ్గుగని కార్మిక సంఘం గెలిచింది, 2017లో నిలబెట్టుకుంది. గెలిచినవాళ్లను దించే దారి ఏర్పడేసరికి బాయి ఆపి బలం చూపించాల్సిన అవసరం తగ్గింది. సమ్మెలు పలచబడ్డాయి. కంపెనీ నష్టాల్లోంచి బయటపడింది. లాభాల్లో కార్మికుల వాటా అన్న పద్ధతి కూడా ఆ తర్వాతే మొదలైంది. ఓటు ఒక్కటే కంపెనీని నిలబెట్టిందని అనను. ఓపెన్‌కాస్టులు, యంత్రాలు, వేలకు వేలు తగ్గిపోయిన ఉద్యోగాలు కూడా ఆ లెక్కలో ఉన్నాయి. అయినా మాట్లాడటానికి అవతల ఒక మనిషి ఖాయంగా ఉన్నాడన్న నమ్మకం రెండు వైపులా కుదిరింది ఆ పెట్టె వల్లే.

> సింగరేణి: కొన్ని సంగతులు
>
> • ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు జాడ కనిపెట్టింది 1871లో, భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్. 1920లో సింగరేణి కాలరీస్ పేరు వచ్చింది.
>
> • ఇప్పుడు రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా.
>
> • పర్మినెంటు కార్మికులు ఇప్పుడు సుమారు 40 వేలు. మూడున్నర దశాబ్దాల కిందటితో పోలిస్తే మూడో వంతు.
>
> • మూల వేతనాలు ఇక్కడ తేలవు. దేశంలోని బొగ్గు కార్మికులందరికీ కలిపి జాతీయ ఒప్పందం జరుగుతుంది. 2023 మేలో కుదిరిన పదకొండో ఒప్పందంలో 19 శాతం పెరుగుదల వచ్చింది.

ఊళ్లో ఒక పేరు, బాయిలో ఒక పేరు

గుర్తింపు సంఘం చేసే పనిని చట్టం భాషలో చెప్తే ఎవరికీ పట్టదు. మారుపేర్ల సంగతి చెప్తే అర్థమవుతుంది.

వెనకటి రోజుల్లో బాయి పనికి పేరు రాయించుకున్నవాడు ఒక్కసారి కిందికి దిగి, ఆ చీకటికి జడిసి ఊరికి పారిపోయేవాడు. అతని పేరు మీద తమ్ముడో బావమరిదో దిగేవాడు. ముప్పై ఏళ్లు అదే పేరు మీద మస్టర్ పడేది, అదే పేరు మీద జీతం వచ్చేది. ఊళ్లో రేషన్ కార్డు మీద ఒక పేరు, కంపెనీ పుస్తకంలో ఇంకో పేరు. బొగ్గు దుమ్ముకు ఊపిరితిత్తులు దెబ్బతిని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేసినప్పుడు అసలు చిక్కు బయటపడేది. కొడుకుకు కారుణ్య నియామకం కావాలి. కొడుకు పదో తరగతి సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ఒకటి, కంపెనీ రికార్డులో ఇంకొకటి. నువ్వు వీడి తండ్రివేనని రుజువేదీ అని అడిగితే, ముప్పై ఏళ్లు బొగ్గు తవ్విన చేతులు తప్ప చూపించడానికి ఏముంటుంది?

ఈ బాధ ఏ కార్మిక చట్టంలోనూ రాసి లేదు. ట్రిబ్యునల్‌కు పోతే ఏళ్లు పడుతుంది. గుర్తింపు సంఘంతో యాజమాన్యం జరిపే స్ట్రక్చర్డ్ మీటింగ్‌లో చైర్మన్ ఎదురుగా కూర్చుని అడిగేవాడు కావాలి, అడక్కపోతే వచ్చే ఎన్నికలో ఓటు పోతుందన్న భయం వాడికి ఉండాలి. అందుకే సింగరేణిలో ఏ సంఘం మేనిఫెస్టో చూసినా మారుపేర్లు ఉంటాయి, మెడికల్ బోర్డు ఉంటుంది, సొంత ఇంటి కల ఉంటుంది.

భద్రత సంగతీ అంతే. 2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్ఈపీ గనిలోకి నీరు తన్నుకొచ్చి 17 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో 8ఏ గనిలో కప్పు కూలి మరో పదిమంది పోయారు. గని నిబంధనల్లో కార్మికుల తరఫు ఇన్‌స్పెక్టర్ ఉండాలని ఉంది, పిట్ సేఫ్టీ కమిటీ ఉండాలని ఉంది. అయితే కప్పు బాగాలేదు, ఈ జాగాలో పనిచేయం అని నోరు తెరిచి చెప్పడానికి వెనక ఒక అండ ఉండాలి. ఒంటరిగా చెప్పినవాడు మొండివాడవుతాడు. ఎన్నికైన సంఘం చెప్తే అది ఫిర్యాదు కింద రికార్డుకు ఎక్కుతుంది.

ఒక భజన సభ, ఒక కోర్టు ఉత్తర్వు

సంఘాన్ని యజమాని గుర్తించాలా వద్దా అన్న తగాదా ఈనాటిది కాదు. మన పక్కనే, అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలకు రాజధానిగా ఉన్న మద్రాసులో మొదలైంది. పెరంబూరులో బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లుల కార్మికులు శ్రీ వెంకటేశ గుణామృత వర్షిణి సభ అనే భక్తి సమాజంలో కూడేవారు. దాన్ని నడిపిన చెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు అనే ఇద్దరు స్థానిక వ్యాపారులు కార్మికుల గోడు విని హోంరూల్ ఉద్యమకారుడు బి.పి. వాడియా దగ్గరికి వెళ్లారు. 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. మిల్లు గొడవ ముదిరాక, కంపెనీకీ కార్మికులకూ ఉన్న ఒప్పందాన్ని వాడియా చెడగొడుతున్నాడని మిల్లులు నడిపే బిన్నీ కంపెనీ హైకోర్టుకు ఎక్కింది. కోర్టు ఆయన చేతులు కట్టేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. సంఘంతో తెగతెంపులు చేసుకుంటే నష్టపరిహారం వదిలేస్తామన్న రాజీ కుదిరింది. వాడియా తప్పుకున్నాడు. కార్మికుల కోసం మాట్లాడటమే నేరమైతే ఎలా అని దేశమంతా అడిగింది. ఆ ఒత్తిడి ఫలితమే 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం.

ఆ చట్టం సంఘం పెట్టుకునే హక్కు ఇచ్చింది, కోర్టు కేసుల నుంచి కాపు కాసింది. యజమాని ఆ సంఘంతో కూర్చుని మాట్లాడి తీరాలని మాత్రం చెప్పలేదు. గుర్తింపు తప్పనిసరి చేస్తూ 1947లో ఒక సవరణ పాసైంది. ఎన్నడూ అమల్లోకి రాలేదు. 1958లో క్రమశిక్షణ నియమావళి వచ్చింది, అది ఇష్టమైతే పాటించే ఒప్పందం మాత్రమే. సింగరేణి ఎన్నికలకు ఇన్నాళ్లూ ఆధారం ఆ నియమావళే.

ఈ వెలితిని గట్టిగా చూపించినవాడు మన తెలుగువాడే. బరంపురంలో పుట్టి, రైల్వే కార్మికుల మధ్య పనిచేసిన వి.వి. గిరి 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. తగవు వస్తే ట్రిబ్యునల్‌కు తోసేసే పద్ధతి కార్మికుణ్ని కోర్టు పక్షిని చేస్తుందని, యజమానీ సంఘమూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకునేలా చేయాలని ఆయన పట్టు. మంత్రివర్గంలోనూ అధికారుల్లోనూ ఆ మాట సాగలేదు. బ్యాంకు ఉద్యోగులకు అనుకూలంగా అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం తగ్గించి అమలు చేయబూనడంతో 1954లో పదవి వదిలేశారు. తర్వాత రాష్ట్రపతి అయిన గిరి మనందరికీ గుర్తు. ఒక తీర్పు కోసం మంత్రి కుర్చీ దిగిన గిరిని మరిచిపోయాం.

ఓటు ఆగిపోతే: ఆర్టీసీ

సింగరేణి కథకు పక్కనే పెట్టి చూడాల్సింది తెలంగాణ ఆర్టీసీ. అక్కడా గుర్తింపు సంఘానికి ఎన్నికలు జరిగేవి. చివరిది 2016లో. 2019 అక్టోబరు 5న దాదాపు 48 వేలమంది కార్మికులు సమ్మెకు దిగారు. గడువులోగా రాకపోతే తమంతట తామే ఉద్యోగం వదులుకున్నట్టేనని ప్రభుత్వం ప్రకటించింది. జీతాలు రాలేదు. ఖమ్మంలో ఒక డ్రైవర్ ఒంటికి నిప్పంటించుకుని ప్రాణాలు కోల్పోయాడు. 52 రోజుల తర్వాత సంఘాలు సమ్మె విరమిస్తే, విధుల్లోకి రానివ్వడానికి ఇంకొన్ని రోజులు పట్టింది. ఆ తర్వాత సంఘాల స్థానంలో డిపోల వారీగా సంక్షేమ బోర్డులు వచ్చాయి.

బోర్డులో ఉన్నవాళ్లు చెడ్డవాళ్లని కాదు. డబుల్ డ్యూటీ ఎక్కువైంది సార్ అని చెప్పగల మనిషికి, డిపో మేనేజర్ అతణ్ని మార్చలేడన్న ధీమా ఉండాలి. ఆ ధీమా తోటి కార్మికుల ఓటు నుంచి మాత్రమే వస్తుంది. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక బస్సుల్లో రద్దీ ఎంత పెరిగిందో ప్రయాణించే అందరికీ తెలుసు. ఆ భారం మోస్తున్న కండక్టర్ తరఫున లెక్క అడిగే ఎన్నికైన గొంతు లేదు. ఎన్నికలు పెట్టండి, సంఘాలను అనుమతించండి అన్న డిమాండు ఆర్టీసీ సంఘాల జేఏసీ జాబితాలో నలుగుతూ వచ్చింది.

సింగరేణిలో మాత్రం ఓటు ఎప్పుడూ సక్రమంగా జరిగిందనుకోవద్దు. గెలిచిన సంఘం కాలపరిమితి రెండేళ్లా నాలుగేళ్లా అన్న పేచీ ఉంది. 2017 తర్వాత ఆరేళ్లు ఎన్నికే లేదు. 2023లో కూడా వాయిదా వేయాలన్న అభ్యర్థన హైకోర్టు దాకా వెళ్లింది. కోర్టు కాదంది కాబట్టే ఆ డిసెంబరు బుధవారం వచ్చింది.

> కొత్త కోడ్ ఏమంటోంది
>
> • 29 చట్టాలను నాలుగు కోడ్‌లుగా కలిపారు. 2025 నవంబరు 21 నుంచి అమలు.
>
> • మస్టర్ రోల్‌లోని కార్మికుల్లో 51 శాతం మద్దతున్న సంఘమే ఏకైక చర్చల సంఘం.
>
> • ఎవరికీ అంత లేకపోతే, 20 శాతానికి తగ్గని మద్దతున్న సంఘాలతో చర్చల మండలి.
>
> • గుర్తింపు మూడేళ్లు. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మొత్తం ఐదేళ్ల వరకు.
>
> • ఏ సంస్థలోనైనా సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు. సగం మంది ఒకేరోజు మూకుమ్మడిగా సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క.

చట్టం వచ్చింది, కానీ

1947లో ఆగిపోయిన పని, గిరి అడిగిన పని, ఇన్నేళ్లకు పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కనపడింది. సంఘానికి గుర్తింపు ఇక యజమాని దయ కాదు. కోడ్‌లను పూర్తిగా వ్యతిరేకిస్తున్న మిత్రులు కూడా ఈ ఒక్క మాటను పక్కన పెట్టి చూడాలని నా మనవి. సమ్మె హక్కును బిగించిన నిబంధనల్ని నేనూ వ్యతిరేకిస్తాను. పద్నాలుగు రోజుల నోటీసు ఇచ్చి, రాజీ చర్చలు నడుస్తున్నంత కాలం ఆగి, అప్పుడు సమ్మె చెయ్యమంటే చాలా సంస్థల్లో చట్టబద్ధమైన సమ్మె పేరుకే మిగులుతుంది. ఆయుధం మొద్దుబారినప్పుడు చర్చల బల్ల దగ్గర కుర్చీ విలువ ఇంకా పెరుగుతుంది. అందుకే ఆ కుర్చీలో ఎవరు, ఎలా కూర్చుంటారన్నది చూడాలి.

కోడ్ అసలు పాఠంలో రహస్య ఓటు మాట లేదు. మద్దతును ఎలా సరిచూడాలో నిబంధనలకు వదిలేశారు. సభ్యత్వ పుస్తకాలు చూసి లెక్క తేలిస్తే మళ్లీ పాత కథే. జీతంలోంచి చందా కోయించుకున్నవాడు మనసులో ఆ సంఘం వెంట ఉన్నాడని చెప్పలేం. ఒక్కోసారి సూపర్‌వైజర్ చెప్పాడని సంతకం పెట్టినవాడూ ఉంటాడు. 2023లో గులాబీ జెండా కింద వేలాది సభ్యత్వాలున్నా పెట్టె తెరిచాక తేలింది వేరు. ఓటు రహస్యంగా పడకపోయి ఉంటే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

అంతకంటే పెద్దది మస్టర్ రోల్ దగ్గరి చిక్కు. కాంట్రాక్టు కార్మికుడి పేరు కాంట్రాక్టర్ మస్టర్‌లో ఉంటుంది, పని ఇచ్చే కంపెనీ మస్టర్‌లో ఉండదు. ఒకే గేటులోంచి లోపలికి పోయే ఇద్దరిలో ఒకరి లెక్క కంపెనీది, ఇంకొకరి లెక్క ఎవరిదో. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫార్మా పేలుడులో 50 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి వచ్చిన వలస కార్మికులు. ఎనిమిదిమంది జాడే దొరక్క, చివరికి చనిపోయినట్టు ప్రకటించారు. తమవాళ్ల కోసం గేటు దగ్గర, ఆసుపత్రుల దగ్గర రోజుల తరబడి పడిగాపులు కాసిన కుటుంబాలను చూశాం. పేరు, ఊరు తెలిసి, ఇవాళ ఫలానా వాడు డ్యూటీలో ఉన్నాడని చెప్పగల తోటి కార్మికుల సంఘం లేనిచోట ఆ కుటుంబాలకు దిక్కెవరు?

అయిదువేల అయిదొందలు

2025 దసరాకు సింగరేణి లాభాల్లో 34 శాతం, అంటే 819 కోట్లు, కార్మికులకు పంచారు. పర్మినెంటు కార్మికుడికి సగటున లక్షా 95 వేలు దాటింది. కాంట్రాక్టు కార్మికుడికి ఇచ్చింది 5,500. అంతకు ముందు ఏడాదే మొదటిసారి 5,000 ఇచ్చారు. అప్పటిదాకా ఏమీ లేదు. ఇచ్చినందుకు సంతోషమే. ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరం మాత్రం ఓటున్నవాడికీ లేనివాడికీ ఉన్న దూరమే.

2022 సెప్టెంబరులో కాంట్రాక్టు కార్మికులు 18 రోజులు సమ్మె చేశారు. బొగ్గు గనుల కాంట్రాక్టు కార్మికుల కోసం హైపవర్ కమిటీ ఎప్పుడో నిర్ణయించిన వేతనాలు, కోల్ ఇండియా ఒప్పుకున్నవి, ఇక్కడా ఇవ్వమని అడిగారు. ఊడ్చే ఆడవాళ్లు జీఎం ఆఫీసుల ముందు బైఠాయించారు. ఓటు హక్కు లేనివాళ్ల సమ్మె కాబట్టి, ముగిశాక ఒప్పుకున్నవి అమలు చేయించే బాధ్యత ఎవరి మెడకూ పడలేదు. గుర్తింపు సంఘం వాళ్ల గురించి మాట్లాడొచ్చు, మాట్లాడుతోంది కూడా. కానీ వాళ్ల ఓటుతో గెలవదు, వాళ్ల ఓటు పోయి ఓడిపోదు.

కొత్త కోడ్ కింద సింగరేణిలో జరిగే మొదటి ఎన్నికకు నిబంధనలు కావాలి, జాబితా కావాలి. అడగాల్సిన సమయం ఇదే. సరిచూడటం రహస్య ఓటుతోనే జరగాలని కేంద్ర నిబంధనల్లో రాయించాలి, గడువు తీరిన మూడు నెలల్లో ఎన్నిక పెట్టకపోతే బాధ్యత ఎవరిదో రాయించాలి. కాంట్రాక్టు మారినా మనుషులు మారని పనుల్లో, ఏడాదికి మించి ఒకే గని గేటులోంచి పోతున్న ప్రతి కార్మికుడి పేరూ వేరే జాబితాగానైనా చేర్చి, వాళ్ల ప్రతినిధిని వాళ్లే ఎన్నుకుని చర్చల మండలిలో కూర్చోబెట్టుకునే వీలు కల్పించాలి. ఇందుకు ఏఐటీయూసీ, ఐఎన్‌టీయూసీ, సీఐటీయూ, హెచ్ఎంఎస్, బీఎంఎస్ ఒక్క కాగితం మీద సంతకం పెడితే చాలు. 2023లో వేర్వేరు టెంట్లలో కూర్చున్న ఈ సంఘాల్లో చాలావరకు జాతీయ వేతన చర్చల్లో ఒకవైపు కూర్చున్నవే. పర్మినెంటు కార్మికులు ఏటా రిటైరవుతున్నారు, ఆ జాగాల్లోకి కాంట్రాక్టు వస్తోంది. ఓటర్లు తగ్గిపోతున్న ఎన్నికను గెలవడానికి పోటీ పడటం కంటే ఈ పని ముందు చేయాలి.